గంజి పెట్టిన చెయ్యి

బుద్ధి ఉన్న మనిషి ఎవరైనా తన కుడిచేతిని గంజిలో ముంచి, మిద్దె మీద ఎండబెట్టుకుని, ఆ చేత్తోనే చుట్టాలింటికి ఫంక్షన్‌కు బయలుదేరుతుందా? బయలుదేరింది. ఆ మనిషిని నేనే. అప్పుడు నాకు మతి చెడలేదు, జ్వరం లేదు, ఎవరూ బలవంతం చేయలేదు. పూర్తి తెలివిలో ఉండి, బాగా ఆలోచించి చేసిన పని అది. ఆలోచించకుండా చేసి ఉంటే ఇంత నష్టం జరిగేది కాదు.

మొదట మా ఇంటి సంగతి చెప్పాలి, లేకపోతే గంజి ఎక్కడినుంచి వచ్చిందో మీకు అర్థం కాదు. మాది గద్వాల, నేత ఇల్లు. మా ఆయన నర్సింలు చీరలు నేస్తాడు. నేను చరఖా తిప్పి ఆయనకు నేతదారం కండెలకు చుట్టి ఇస్తాను. మా అత్త ఒకప్పుడు పడుగుకు, అంటే మగ్గానికి ఎక్కించే నిలువు దారాలకు, గంజి పెట్టేది. ఇప్పుడు వయసు మీదపడింది కాబట్టి పెట్టడం మానేసి, పెట్టేవాళ్ళకు వంకలు పెడుతోంది. గంజి విషయంలో మా వీధిలో ఆమె మాటకు తిరుగులేదు. ఆమె లెక్కలో లోకంలో ఉన్న బట్టలు రెండే రకాలు: గంజి పెట్టినవి, ఇంకా పెట్టనివి.

కొన్నేళ్ళ కిందట నా కుడి రొమ్ములో గడ్డ కనపడింది. పట్నంలో పెద్ద దవాఖానాలో ఆపరేషన్ చేసి రొమ్ము తీసేశారు, చంకలో గ్రంథులు కూడా తీశారు. తర్వాత మందు ఎక్కించారు. జుట్టంతా ఊడిపోయింది, మళ్ళీ మొలిచింది. పోయినప్పుడు తిన్నగా ఉన్న జుట్టు వచ్చేటప్పుడు ఉంగరాలు తిరిగి వచ్చింది. ఇవన్నీ తట్టుకున్నాను గానీ, ఏం ఆపరేషన్ అయిందని ఎవరైనా అడిగితే మాత్రం నాలుక మడతపడేది. ఆ మాట నలుగురిలో ఎలా అనాలి? అందుకని కడుపులో రాళ్ళు తీశారని చెప్పాను. మా అత్తను కూడా అదే చెప్పమన్నాను.

రాళ్ళు తీస్తే జుట్టెందుకు ఊడింది అని ఒక్కరూ అడగలేదు. మా వీధివాళ్ళు ఎంత అమాయకులో అని నేను మురిసిపోయాను.

అంతా సర్దుకుంది అనుకునే సమయానికి చెయ్యి మొదలుపెట్టింది. కండెలు చుడుతుంటే బరువుగా ఉండేది. తర్వాత కుడిచేతి గాజులు ఎక్కడం మానేశాయి. ఆ తర్వాత జాకెట్టు చెయ్యి పట్టలేదు. దవాఖానాకు పోతే అక్కడ వ్యాయామాలు చేయించే మేడం నా చెయ్యి నొక్కి చూసి, వేలు దిగిన చోట గుంట అలాగే ఉండిపోవడం చూపించింది.

"గ్రంథులు తీసిన చెయ్యి కదమ్మా, నీరు నిలుస్తోంది. ఇప్పుడైతే తగ్గుతుంది. వదిలేస్తే వాపు గట్టిపడిపోతుంది, అప్పుడు మన చేతిలో ఉండదు. చేతిని ఒత్తి పట్టే తొడుగు వేసుకోవాలి. కొలత తీసుకుని ఇస్తాం. ఇవాళ చాలామంది ఉన్నారు, రేపు పొద్దున రండి" అంది.

"మా దిక్కు దొరకదా మేడం?" అన్నాను. రేపటిదాకా పట్నంలో ఉండటమంటే మా ఆయన మగ్గం ఇంకోరోజు ఆగిపోతుంది.

"దొరకచ్చు. కానీ కొలత సరిగ్గా మీ చేతిదే ఉండాలి. వదులైనా లాభం లేదు, బిగుతైనా లాభం లేదు."

తలూపి వచ్చేశాను. ఆ తల ఊపిన తీరు చూస్తే నేను ఆ మాట గుండెల్లో రాసుకున్నానని ఎవరైనా అనుకుంటారు.

నవ్వుతూ చెబుతున్నాను గానీ, ఆ బస్సులో నాకు నవ్వు రాలేదు. చెయ్యి గట్టిపడిపోతే చరఖా తిప్పలేను. చరఖా తిప్పలేకపోతే ఆ ఇంట్లో నేను చేసేదేముంటుంది, మా అత్త పక్కన కూర్చుని వంకలు పెట్టడం తప్ప? ఆ పదవి అప్పటికే నిండిపోయి ఉంది. రొమ్ము పోయినప్పుడు ఏడవని దాన్ని, చెయ్యి పోతుందేమోనని కిటికీ వైపు తిరిగి ఏడ్చాను. మా ఆయన చూసీ చూడనట్టు జామకాయ కొని చేతిలో పెట్టాడు.

మర్నాడు గద్వాలలో మందుల షాపులన్నీ తిరిగాం. "చేతికి తొడుగు" అంటే ఒకాయన మోకాలికి వేసుకునేది తీసి చూపించాడు.

"ఇది మోకాలిది గదా?" అన్నాడు మా ఆయన.

"మోకాలైనా మోచెయ్యైనా మడతనే గదన్నా. ఎక్కిస్తే ఎక్కుతది."

ఇంకోచోట కాళ్ళ నరాలు ఉబ్బినవాళ్ళు వేసుకునే పొడుగు మేజోళ్ళు ఇచ్చి, పాదం దగ్గర కత్తిరించి వాడుకోమన్నారు. అందరికీ దండం పెట్టి వనపర్తి పోయాం. అక్కడ ఆపరేషన్ సామాన్లు, పట్టీలు, బెల్టులు అమ్మే దుకాణం ఒకటుందని ఎవరో చెప్పారు.

నిజంగానే ఉంది. తొడుగులు కూడా ఉన్నాయి. ఒళ్ళురంగు గుడ్డతో మణికట్టు నుంచి భుజం దాకా వచ్చేవి. చూడగానే నా ప్రాణం లేచివచ్చింది. దుకాణంలో పిల్లగాడు టేపు తీసి మెళ్ళో వేసుకున్నాడు.

"ఎవరికక్కా?"

దుకాణం నిండా మగవాళ్ళే. ఒకాయన మెడపట్టీ పెట్టించుకుంటున్నాడు, ఒకాయన చేతికర్ర పొట్టిదా పొడుగుదా అని నేలకు కొట్టి చూస్తున్నాడు. పిల్లగాడి ప్రశ్నకు అందరూ చేసేపని ఆపి నా జవాబు కోసం ఎదురుచూస్తున్నట్టు అనిపించింది నాకు.

"ఏం ఆపరేషన్ అయిందక్కా? దాన్ని బట్టి ఇస్త."

నా నోరు తెరుచుకుంది. "ఆయనకు" అంది.

ఆ మాట అన్నది నేను కాదని ఇప్పటికీ నా అనుమానం. మా ఆయన నా వైపు చూశాడు. నేను అల్మారా మీది అట్టపెట్టెల వైపు చూశాను. చివరికి ఆ మహానుభావుడు ఒక్క మాట అనకుండా చొక్కా చెయ్యి పైకి మడిచి, పిల్లగాడి ముందు చాపాడు. పెళ్ళినాడు నా చెయ్యి పట్టుకున్నప్పటికన్నా ఆ చెయ్యి చాపినప్పుడే నాకు ఆయన మీద ఎక్కువ ప్రేమ పుట్టింది. అప్పుడు పైకి చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను.

"ఏమైందన్నా చేతికి?"

"నొప్పి."

"ఎట్లయింది?"

"నేసి నేసి."

"వాపేం లేదు గదా?"

"లోపలున్నది" అన్నాడు మా ఆయన గంభీరంగా.

పిల్లగాడు మణికట్టు కొలిచాడు, మోచెయ్యి కొలిచాడు, జబ్బ కొలిచి తల పంకించాడు. "మస్తు గట్టి చెయ్యన్నా. నీకు పెద్ద సైజు పడ్తది."

బయటికి రాగానే మా ఆయన అడిగాడు. "గిదేంది రుక్కమ్మా? ఏసుకునేది నువ్వా, నేనా?"

"నేనే."

"మరి నా చెయ్యెందుకు కొలిపిచ్చినవ్?"

"నా చెయ్యి వాచింది గదా, ఇప్పుడు నీ చెయ్యంతనే ఉంటది. సరిపోతది తీయ్."

ఆయన తన చెయ్యి చూసుకున్నాడు, నా చెయ్యి చూశాడు. మా ఆయన ఏమీ అనకపోవడమంటే ఒప్పుకోవడం కాదని తెలిసేసరికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

ఇంటికొచ్చి వేసుకుని చూశాను. మణికట్టు దగ్గర ఇంకో చెయ్యి దూరేంత సందుంది. చెయ్యి పైకెత్తితే తొడుగు మోచేతి దాకా జారి ముడతలు ముడతలుగా కూర్చుంది. దించితే వేళ్ళదాకా వచ్చింది. మా అత్త మంచం మీద నుంచి ఇదంతా చూస్తోంది.

"ఏందే గది? చెయ్యికి లాగు తొడిగినట్టుంది."

"దవాఖాన తొడుగు అత్తా. బిగుతుగ ఉండాలంట. వదులైంది."

"ఏదీ ఇటియ్యి." గుడ్డను వేళ్ళ మధ్య నలిపి చూసి పెదవి విరిచింది. "దీంట్ల పాణమే లేదు. గంజి మొఖం సూడని బట్ట బిగుతెట్లయితది?"

ఇక్కడ మీరు తప్పంతా మా అత్త మీదికి నెట్టేయాలని చూస్తారు. అలా చేయకండి. ఆమె ఆ మాట అని ఒత్తిగిల్లి పడుకుంది. మిగతాదంతా నా సొంత బుర్రలో పుట్టింది. గంజి పెడితే మెత్తటి నూలు గట్టిపడుతుంది. తడిబట్ట ఎండితే దగ్గరికి లాగుతుంది. కాబట్టి తొడుగును గంజిలో ముంచి, తడిగానే చేతికి వేసుకుని, చేతి మీదే ఎండబెడితే అది అచ్చంగా నా చేతి కొలతకే బిగుసుకుంటుంది! పట్నంలో అంత చదువుకున్న వాళ్ళకు ఈ సంగతి ఎందుకు తట్టలేదా అని జాలిపడ్డాను కూడా.

మర్నాడే నాగర్‌కర్నూల్‌లో మా అక్క మనవడి తొట్టెల ఫంక్షన్, అంటే పిల్లవాణ్ణి ఊయల్లో వేసే పండగ. మధ్యాహ్నానికి అక్కడుండాలి. పొద్దున్నే లేచి గంజి కాచాను. చీరకు పెట్టే పలచటి గంజి కాదు, పడుగుకు పెట్టే గంజి. తొడుగు ముంచి, పిండి, వేసుకుని, చాలదేమోనని పైన ఇంకో పూత పూశాను. మిద్దె ఎక్కి పిట్టగోడ మీద చెయ్యి చాపి కూర్చున్నాను. మా అత్త కింది నుంచి కేకలు.

"మోచెయ్యి వంచకు! ముడత పడ్తది!"

"వంచుతలేనత్తా!"

"ఇంగో పూత ఏసినవా?"

"ఏసిన!"

"మల్ల ఎయ్యి! ఎండ బాగున్నది!"

మా పాలమూరు ఎండ గురించి మీకు చెప్పాలా? కాసేపటికి చెయ్యి బిగుసుకోవడం మొదలైంది. నాకు ఎంత సంతోషమేసిందో! పట్టు దొరికింది, ఇక వాపు పోతుంది అనుకున్నాను. ఇంకాసేపటికి వేలితో కొట్టి చూస్తే టకటకమని చప్పుడొచ్చింది. అప్పుడు కొంచెం అనుమానం వచ్చింది. లేచి నిలబడి మోచెయ్యి వంచబోయాను. వంగలేదు.

మా ఆయన మిద్దె ఎక్కి వచ్చి చూశాడు. "పోదాం పా, బస్సు టైమైతుంది" అన్నవాడు ఆగిపోయాడు.

"ఏంది, చెయ్యట్ల పెట్టినవ్?"

"పెట్టలే. ఉన్నది."

"వంచు."

"వంగదు."

"తీసెయ్ మరి."

"రాదు."

ఆయన పిట్టగోడ మీద కూర్చుని, తలపట్టుకుని, భుజాలు కదిలేలా నవ్వాడు. కోపమొచ్చి కొట్టబోయాను. చెయ్యి వంగకపోయేసరికి అది గాలిలో సున్నా చుట్టి పక్కింటి కొబ్బరి మట్టకు తగిలింది.

తీయడానికి టైము లేదు. దారిలో అదే మెత్తబడుతుందని నచ్చచెప్పుకుని, పైట కప్పుకున్నాను. మా అత్తతో కలిసి ముగ్గురం బయలుదేరాం. చెయ్యి వేలాడదీస్తే నీరు దిగుతుందని దవాఖానాలో చెప్పారు కాబట్టి రోడ్డు మీద దాన్ని ముందుకు ఎత్తిపట్టుకుని నిలబడ్డాను. వెంటనే ఒక ఆటో ఆగింది.

"ఎక్కడికమ్మా?"

"ఎక్కడికి లేదు. పో."

ఇంకో ఆటో ఆగింది. తర్వాత ఇటుకల ట్రాక్టరు ఆగింది. ఆపి ఎక్కకపోతే వాళ్ళకు కోపాలు. ఒకాయన "పని లేదా నీకు?" అని కూడా అన్నాడు. మా అత్త నా పక్కన నిలబడి వచ్చినవాళ్ళకల్లా "చెయ్యికి గంజి పెట్టినం బిడ్డా, ఏమనుకోకు" అని చెబుతోంది.

బస్సులో కండక్టరు ఆడవాళ్ళ ఉచిత టికెట్టు కోసం ఆధార్ కార్డు అడిగాడు. చూపించాను. చెయ్యి ఒక్కసారిగా ముందుకు పోయి కార్డు ఆయన కళ్ళద్దాలకు తగిలింది.

"కనపడుతున్నదమ్మా, గంత దగ్గర్నుంచి అక్కర్లేదు" అన్నాడు వెనక్కి జరిగి.

అక్క ఇంటికి చేరేసరికి చెమట పట్టింది. చెమటకు లోపల గంజి కరిగి జిగురైంది, పైన మాత్రం అట్టలాగే ఉంది. చెయ్యి లోపల దురద, మంట. తొట్టెలలో పిల్లగాడిని అందరూ ఎత్తుకుని ముద్దాడుతున్నారు.

"రుక్కూ, ఎత్తుకోవే" అంది అక్క.

"ఇప్పుడే వద్దక్కా, నిద్రపోతుండు."

పిల్లగాడు కళ్ళు పెద్దవి చేసి నన్నే చూస్తున్నాడు. అక్క ముఖం చిన్నబుచ్చుకుంది. ఆపరేషన్ అయినప్పటి నుంచీ నేను ఎవరి దగ్గరికీ రావడం లేదని ఆమెకు బాధ. అది నాకు తెలుసు. ఎత్తుకోవాలని నా ప్రాణం కొట్టుకుంటోంది. వంగని చేత్తో పసివాణ్ణి ఎలా పట్టుకుంటాను? పక్కకు తిరిగి భోజనాల దగ్గరికి పోయాను.

అసలు ప్రమాదం అక్కడ కాచుకుని ఉంది. బగారన్నం, పప్పుచారు, వంకాయ కూర వడ్డించారు. ముద్ద కలిపాను. ఎత్తాను. ముద్ద నా నోటి వైపు రాలేదు. తిన్నగా ముందుకు పోయి ఎదురు బంతిలో కూర్చున్న ఆమె ముఖం ముందు ఆగింది.

మోచెయ్యి వంగకుండా కుడిచేత్తో అన్నం తినడం ఎంత కష్టమో మీరు ఎప్పుడైనా ప్రయత్నించి చూడండి. మెడ చాపాను, అందలేదు. ఎడమచేత్తో తింటే నలుగురూ చూస్తారు. ముద్ద గాలిలో వేలాడుతోంది. ఎదురుగా ఉన్నది మా అక్క పక్కింటి మరియమ్మ అని తర్వాత తెలిసింది. భర్తతో కలిసి బొంబాయిలో బిల్డింగు పనులకు పోయి, ఏళ్ళ తరబడి ఇటుకలు మోసి వచ్చిన మనిషి. ఆమె ముద్దను చూసింది, నన్ను చూసింది, చెయ్యిని చూసింది. ముందుకు వంగి నోరు తెరిచి ముద్ద తినేసింది.

"ఉప్పు జర తక్కువైంది" అంది నములుతూ. "ఇంగోటి పెట్టు చెల్లె."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇంకో ముద్ద పెట్టాను. అదీ తింది. పక్కనున్న మా అత్త నిష్ఠూరంగా అంది, "నాకు ఇన్నేండ్లలో ఒక్క ముద్ద పెట్టలే. ఎవరికో పెడుతుంది సూడు."

మరియమ్మ చెయ్యి కడుక్కుని నా పక్కకు వచ్చి పైట కొంచెం జరిపింది. తొడుగును వేలితో కొట్టింది. టకటక.

"గిదేం చేసినవ్ చెల్లె?"

"గంజి పెట్టిన."

"అయ్యో యేసయ్యా! దీనికి గంజి పెడ్తరా ఎవరన్నా?" నన్ను జబ్బ పట్టుకుని లేపి మా అక్క ఇంట్లో లోపలి గదికి లాక్కుపోయింది. వెనకే మా అక్క, అక్క వెనక మా అత్త, మా అత్త వెనక ఏం జరుగుతుందో చూద్దామని ఇంకొందరు ఆడవాళ్ళు.

గోరువెచ్చని నీళ్ళు తెప్పించి చేతి మీద పోసి కూర్చోబెట్టింది. గంజి నానుతోంది. గదిలో పడుగు తడిపిన వాసన. ఆమె ముందు నా చెయ్యి, నా చుట్టూ ఇంతమంది. "కడుపుల రాళ్ళకు చేతికి తొడుగెందుకు?" అని ఎవరైనా అడిగేలోపే నేనే చెప్పేయాలనుకున్నాను. అబద్ధాలు మోసే ఓపిక అయిపోయింది.

"నాది రాళ్ళ ఆపరేషన్ కాదు" అన్నాను. "రొమ్ముల కాన్సర్. తీసేసిన్రు. గీ చెయ్యి గూడ పోతదేమోనని నాకు భయమైతుంది."

గదిలో ఎవరూ ఉలిక్కిపడలేదు. ఒకామె జడలో పూలు సర్దుకుంది.

"ఎర్కే గదా" అంది మా అక్క.

"ఎట్లెర్క?"

"మీ అత్త చెప్పింది. అందరికి చెప్పింది. 'మా కోడలికి రొమ్ముల గడ్డ తీసిన్రు. అది సిగ్గుపడి రాళ్ళని చెప్పమన్నది. మీరు గూడ రాళ్ళనే అనుకోండ్రి' అని."

నేను మా అత్త వైపు తిరిగాను. ఆమె ఏమాత్రం తొణకలేదు.

"ఏం తప్పు చెప్పిన? నువ్వు చెప్పమన్నట్టు రాళ్ళనే చెప్పిన. ఉన్న మాట గూడ చెప్పిన. నువ్వు పాణం మీదికి తెచ్చుకుంటే ఒక్కదాన్నే ఎట్ల మొయ్యాలె? నలుగురు దేవునికి మొక్కిన్రు, బతికినవ్."

గద్వాల నుంచి నాగర్‌కర్నూల్ దాకా అందరికీ తెలిసిన రహస్యాన్ని నేనొక్కదాన్నే ఇన్నాళ్ళూ కడుపులో దాచుకున్నాను. ఇదంతా విని నేను ఏడ్చాను. అందరూ ఏడ్చారు. తర్వాత ఎవరు ముందు నవ్వారో గుర్తులేదు.

మరియమ్మ నవ్వుతూనే మణికట్టు దాకా ఉన్న తన జాకెట్టు చెయ్యి పైకి లాగింది. కింద ఒళ్ళురంగు తొడుగు. ఎక్కడా ముడత లేదు. ఇంతసేపూ నేను ఆమెకు అన్నం పెడుతున్నప్పుడు కూడా అది అక్కడే ఉంది!

"నాకు బొంబాయిల అయింది ఆపరేషన్. గిది పొద్దున ఏసుకుంట, పండుకునేటప్పుడు తీస్త. సబ్బునీళ్ళల్ల మెల్లగ పిండి, ఇంటి ముంగట తీగ మీద ఆరేస్త."

"ఇంటి ముంగటనా? అందరు చూడరా?"

"చూడనీ. గిదేందని అడుగుతరు, చెప్త. కిందటి ఏడు గట్లనే అడిగి ఒకామె దవాఖానకు పోయి చూపిచ్చుకున్నది. ఆమెకు గూడ గడ్డ ఉండె."

మెత్తబడ్డ తొడుగును అంగుళం అంగుళం కిందికి జరిపారు. చర్మం ఎర్రగా కమిలిపోయింది, మణికట్టు మీద గంజి పెచ్చులు. మోచెయ్యి వంగింది. మొదట చేసిన పని ఏమిటంటే, చెయ్యి కడుక్కుని, తుడుచుకుని, పిల్లగాడిని ఎత్తుకోవడం. వాడు నా వాచిన చెయ్యిని దిండనుకున్నాడేమో, దాని మీద తల పెట్టుకుని పడుకున్నాడు. మా అక్క నా ఉంగరాల జుట్టు నిమురుతూ నిలబడింది.

మర్నాడే మరియమ్మ పట్నం నాతో వచ్చింది. మేడం నా చెయ్యి చూసి "ఇది ఏం ఎలర్జీ?" అని అడిగింది. "గంజి" అన్నాను. ఆమె పెన్ను పక్కన పెట్టేసింది. ముందు చర్మం మానేదాకా ఆగి, తర్వాత కొన్నాళ్ళు పట్టీలు చుట్టి వాపు దించి, అప్పుడు నా చేతినే, నా సొంత చేతినే, కొలిచి తొడుగు ఇచ్చారు. చెయ్యి గట్టిపడలేదు. మునుపటంత సన్నబడలేదు గానీ నా మాట వింటోంది. ఇప్పుడు తొడుగు వేసుకునే చరఖా తిప్పుతున్నాను. గాజులు మాత్రం ఎడమచేతికే వేస్తున్నాను.

ఇక్కడితో ఆపేస్తే నా ఒక్కదాని పరువే పోయేది. కానీ ఈ మధ్య జరిగింది కూడా చెప్పాలి.

మా ఆయనకు గజ్జల దగ్గర ఉబ్బు వచ్చింది. డాక్టరు హెర్నియా అన్నాడు. ఆపరేషన్ తేదీ దొరికేదాకా బెల్టు కట్టుకోమన్నాడు. వనపర్తి దుకాణానికే పోయాం. అదే పిల్లగాడు. ఆరోజు దుకాణంలో అందరూ ఆడవాళ్ళే ఉన్నారు.

"ఎవరికన్నా బెల్టు?"

మా ఆయన పైన తిరుగుతున్న ఫ్యాను వైపు చూశాడు. చూస్తూనే బొటనవేలు నా వైపు తిప్పాడు.

"ఆమెకు."

పిల్లగాడు టేపు విప్పుకుని నా నడుము వైపు వచ్చాడు. మా ఆయన నా చెవి దగ్గరికి వంగాడు. "నీ చేతికి నా చెయ్యిచ్చిన గదా? నా నడుముకు జర నీ నడుమియ్యరాదూ?"

ఆయన చెయ్యి చాపిన రోజు గుర్తొచ్చి ఒక్క క్షణం నడుము చుట్టూ పైట సర్దుకున్నమాట నిజం. అంత ప్రేమ ఉంది నాకు. తర్వాత గంజి గుర్తొచ్చింది.

"ఆగు తమ్మీ" అన్నాను, దుకాణం అవతలి రోడ్డుకు కూడా వినపడేలా. "రొమ్ము కాన్సరయింది నాకు. ఇదిగో నా చెయ్యి. హెర్నియా అయింది ఆయనకు. అగో ఆయన నడుము. ఎవరి కొలత వాళ్ళకే తియ్యి."

అందుకని చదువుతున్న మీ అందరి సాక్షిగా, తొడుగు వేసుకున్న కుడిచెయ్యి గుండె మీద పెట్టుకుని ప్రమాణం చేస్తున్నాను. ఇకమీద నాకు ఏ రోగం వచ్చినా దాని పేరు పైకే చెబుతాను. నా కొలత నా ఒంటి మీదే తీయిస్తాను. దవాఖానా వాళ్ళు ఇచ్చిన బట్ట ఏదైనా మా అత్త కంటపడనివ్వను. మా ఆయన కూడా ఇదే ప్రమాణం చేయడానికి ఒప్పుకున్నాడు. కాకపోతే, ఆయన తరఫున నన్ను చేయమంటున్నాడు.